ఒకే జేబు, రెండు సీట్లు

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్ళే బస్సు ఏర్పేడులో ఆగుతుంది. అక్కడ దిగి వెంకటగిరి రోడ్డు పట్టుకుంటే ఐఐటి వస్తుంది. 2015 మార్చిలో మేర్లపాక దగ్గర దానికి శంకుస్థాపన చేశారు. ఆ ఏడాదే తరగతులు మొదలయ్యాయి. కాని మొదటి విద్యార్థులు ఏర్పేడులో చదవలేదు. రేణిగుంట రోడ్డులోని ఒక ఇంజనీరింగ్ కళాశాల ఆవరణలో తాత్కాలికంగా చదువుకున్నారు. మద్రాసు ఐఐటి పెద్దన్నలా దగ్గరుండి నడిపించింది. సొంత భవనాలు లేచాక, 2024 ఫిబ్రవరి 20న ప్రధానమంత్రి ఈ ప్రాంగణాన్ని జాతికి అంకితం చేశారు. ఇదే మండలంలో ఐసర్ కూడా ఉంది. రెండూ ఒకటే అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఐసర్ ప్రధానంగా సైన్సు చదువుల సంస్థ. మనం మాట్లాడుకునేది ఇంజనీరింగ్ గురించి కనుక దానిని పక్కన పెడదాం.

ఏర్పేడు నుంచి ఇటు పాతిక కిలోమీటర్ల లోపు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. 1954లో స్థాపించారు. దాని ఇంజనీరింగ్ కళాశాల 1959 నుంచి నడుస్తోంది. రాయలసీమలో రోడ్లు వేసిన, కరెంటు స్తంభాలు నిలబెట్టిన ఇంజనీర్లలో ఎందరో అక్కడ చదివినవారే.

అంటే ఈ చుట్టుపక్కల పిల్లవాడికి దేశంలో పేరున్న సంస్థ ఒకటి, సీమలో పాత సంస్థ ఒకటి, రెండూ బస్సు దూరంలోనే ఉన్నాయి. ఈ అదృష్టం చాలా జిల్లాల వారికి లేదు. అయినా ఏటా జూన్, జూలై నెలల్లో మన ఇళ్ళలో ఒకే మాట వినిపిస్తుంది. "ఐఐటి అంటే లక్షలు భాయ్, మనవల్ల ఎక్కడవుతుంది? ఎస్వీ యూనివర్సిటీలో అయితే ఫ్రీ కదా." ఈ మాటలో రెండు భాగాలున్నాయి. రెండూ సగం నిజాలే. సగం నిజం మీద ఆధారపడి పిల్లవాడి నాలుగేళ్ళు నిర్ణయించడం ప్రమాదకరం. అందుకే లెక్క వేసి చూద్దాం.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి రోడ్డు పక్కన వెల్డింగు షాపు నడుపుతాడు. ఖర్చులు పోను నెలకు పదిహేను వేలు మిగులుతాయి. తల్లి ఇంట్లోనే బట్టలు కుట్టి నాలుగు వేలు సంపాదిస్తుంది. కలిపితే ఏడాదికి 2,28,000 రూపాయలు. ముగ్గురు పిల్లలు. పెద్దవాడు ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. జెఇఇ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వచ్చింది, రాష్ట్ర ప్రవేశ పరీక్షలోనూ ర్యాంకు వచ్చింది. ఇప్పుడు అతని ముందు రెండు సీట్లున్నాయి. అబ్బా జేబు మాత్రం ఒకటే.

ముందు ఐఐటి సంగతి. 2016లో కేంద్ర ప్రభుత్వం ఐఐటిల బి.టెక్ ట్యూషను ఫీజును ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. ఆ వార్త ఊరూరా పాకింది. ఆ నిర్ణయంలోనే ఉన్న రెండో భాగం మాత్రం చాలా ఇళ్ళకు చేరలేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష రూపాయల లోపు ఉంటే ట్యూషను ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు ఆదాయంతో సంబంధం లేకుండా పూర్తి మాఫీ. దీనికి మతంతో పని లేదు, కులంతో పని లేదు. షేక్ అయినా, సయ్యద్ అయినా, దూదేకుల అయినా, ఆదాయం ఆ పరిమితిలో ఉంటే చాలు.

మన వెల్డింగు షాపు కుటుంబం రెండో తరగతిలోకి వస్తుంది. వారు కట్టవలసిన ట్యూషను ఫీజు ఏడాదికి 66,667 రూపాయలు. సెమిస్టరుకు 33 వేల చిల్లర. నాలుగేళ్ళకు కలిపితే రెండు లక్షల అరవై ఆరు వేల పైచిలుకు. దీనికి హాస్టలు, మెస్సు, ఇతర రుసుములు అదనం. ఎనిమిది లక్షలు అనుకుని బెదిరిపోయిన తండ్రికి ఇది వేరే లెక్క. కాని దీనిని చిన్న మొత్తం అనడం కూడా న్యాయం కాదు. నెలకు పంతొమ్మిది వేలు వచ్చే ఇంట్లో ట్యూషను కోసమే నెలకు ఐదున్నర వేలు తీసి పెట్టడం మాటలు కాదు. ఇంట్లో మరో ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు.

ఇక్కడే అప్పు ప్రస్తావన వస్తుంది. అప్పు అనగానే మనలో చాలామంది మాట మార్చేస్తారు. దాని గురించి కొంచెం తరువాత.

ఎస్వీ యూనివర్సిటీ లెక్క

విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో కన్వీనరు ద్వారా సీటు వస్తే ఫీజు భారం తక్కువ. దానికి తోడు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన ఈ పథకానికి తరువాతి ప్రభుత్వాలు పేర్లు మార్చాయి, పద్ధతులు మార్చాయి. 2019 తరువాత జగనన్న విద్యా దీవెనగా నడిచింది. అప్పట్లో కొంతకాలం డబ్బు తల్లి ఖాతాలో పడేది, తల్లి కళాశాలకు కట్టేది. అప్పుడే వసతి దీవెన పేరుతో డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకు ఏడాదికి 20 వేలు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పేరు పోయింది. పేరు ఏదైనా పాఠకులు గుర్తుంచుకోవలసిన అంకె ఒకటే. ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. మన కుటుంబం దానిలోపే ఉంది. కాని ఇరవై రెండు వేల రూపాయల తేడాతోనే ఉంది. షాపు కాస్త బాగా నడిచి ఆదాయం పెరిగితే ఈ సాయం పూర్తిగా ఆగిపోతుంది. ఐఐటిలో మాఫీ 5 లక్షల వరకు ఉంటుంది. ఈ తేడాను గమనించేవారు తక్కువ.

ఏర్పేడు నుంచి తిరుపతికి రోజూ వెళ్ళి రావచ్చు. హాస్టలు ఖర్చు తప్పుతుంది. ఇంటి భోజనం. సాయంత్రం వచ్చి షాపులో ఒక గంట అబ్బాకు సాయపడవచ్చు. ఈ లెక్కలు కాగితం మీదికి రావు గాని పేదింట్లో వీటికి విలువ ఉంది. అయితే రెండు వైపులా ప్రయాణానికి, బస్సు కోసం నిలబడడానికి పోయే సమయం చదువు నుంచే పోతుంది.

ఇంకొక అనుకూలత కూడా ఉంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉమ్మడి రాష్ట్రాన్ని ప్రవేశాల కోసం మూడు ప్రాంతాలుగా విభజించారు. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. ఇక్కడి స్థానికులకు 85 శాతం సీట్లు. దానిపైన ముస్లిములలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం. 2007లో చట్టం చేశారు. 2010లో హైకోర్టు కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. దూదేకుల వారు అంతకు ముందు నుంచే బీసీ-బి లో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వారికి బీసీ-ఇ వర్తించదు.

ఐఐటిలో ఈ స్థానిక కోటా లేదు. ఏర్పేడులో పుట్టినంత మాత్రాన ఏర్పేడు ఐఐటిలో ఒక్క సీటు కూడా అదనంగా రాదు. దేశమంతటికీ ఒకే ర్యాంకుల వరుస. మన అబ్బాయికి ఐఐటి సీటు వచ్చినా అది గౌహతిలో రావచ్చు, జోధ్‌పూర్‌లో రావచ్చు. ట్యూషను ఫీజు మాఫీ అన్ని ఐఐటిలలోనూ ఒక్కటే. రైలు చార్జీలు ఒక్కటి కావు. పండుగకు ఇంటికి రావాలన్నా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా ఆ ఖర్చు తప్పదు. డబ్బుకు ఇబ్బందిగా ఉన్నవారు ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒకటి రెండు మెట్లు పైనున్న దూరపు ఐఐటి కంటే తిరుపతిని ముందు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. సంస్థ పాతదా, కొత్తదా అని ఊళ్ళో మాట్లాడుకునే తేడా కంటే నాలుగేళ్ళ ప్రయాణ ఖర్చు ఆ ఇంటికి ఎక్కువ బరువు.

మనం మరచిపోయిన సంగతి ఒకటి చెప్పుకోవాలి. దేశంలో మొదటి ఐఐటి ఖరగ్‌పూర్‌లో 1951 ఆగస్టులో ప్రారంభమైంది. దానిని ప్రారంభించినవారు అప్పటి విద్యా మంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్. ఐఐటి అనే మాట వినగానే 'అది మన వాళ్ళకు కాదు' అనుకునే పెద్దలకు ఈ సంగతి చెప్పాలి.

అసలు పోటీ ఎక్కడ?

నిజానికి ఐఐటి, ఎస్వీ యూనివర్సిటీల మధ్య తేల్చుకోవలసిన పరిస్థితి కొద్దిమందికే వస్తుంది. జెఇఇ మెయిన్ పరీక్షను 2021 నుంచి తెలుగులోనూ రాయవచ్చు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీలలోనే. మన పిల్లల్లో ఆ గడప దాటేవారు ఇంకా తక్కువే. ఎక్కువ ఇళ్ళలో తగాదా మరోచోట ఉంటుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాలలో సివిలో మెకానికలో వస్తుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో డబ్బు కడితే కంప్యూటర్ సైన్సు వస్తుంది. ఏది?

తిరుపతి చుట్టూ ప్రైవేటు కళాశాలలు చాలా ఉన్నాయి. కొన్ని విశ్వవిద్యాలయాలుగా మారాయి. 1996లో కళాశాలగా మొదలైన శ్రీ విద్యానికేతన్ 2022లో మోహన్ బాబు విశ్వవిద్యాలయం కావడం దానికి దగ్గరి ఉదాహరణ. ప్రైవేటు విశ్వవిద్యాలయం అన్న మాట వినగానే రీయింబర్స్‌మెంటు ఉండదని కొందరు, తప్పక ఉంటుందని కొందరు అంటారు. సీటు ఎలా వచ్చిందన్నదే ఇక్కడ ముఖ్యం. రాష్ట్ర చట్టం ప్రకారం ప్రైవేటు విశ్వవిద్యాలయాలు 35 శాతం సీట్లను కన్వీనరుకు ఇవ్వాలి. మామూలు ప్రైవేటు కళాశాలల్లో కన్వీనరు వాటా 70 శాతం. ఈ సీట్లలో చేరిన అర్హులకు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుంది. మేనేజిమెంటు కోటాలోనో, విశ్వవిద్యాలయం సొంత పరీక్షతోనో, ఏజెంటు ద్వారానో చేరితే వర్తించదు. పొరుగున ఉన్న తమిళనాడులో చేరినా అంతే. "చేర్పించండి చాచా, స్కాలర్‌షిప్ తరువాత చూసుకుందాం" అని ఏజెంటు చెబుతాడు. తరువాత చూసుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

డబ్బు కట్టే సీటుకు నాలుగేళ్ళలో ఐదు లక్షలు అప్పు చేయవలసి వచ్చిందనుకుందాం. బ్యాంకు ఇవ్వకపోతే మన ఊళ్ళలో దొరికేది నూటికి రెండు రూపాయల వడ్డీ. ఐదు లక్షలకు నెలకు పదివేలు. ఏడాదికి లక్షా ఇరవై వేలు. అసలు ఒక్క రూపాయి తగ్గదు. మన వెల్డింగు షాపు ఆదాయంలో సగం కంటే ఎక్కువ వడ్డీకే పోతుంది. ఇది ఇంటి స్థలం మీద తెచ్చిన అప్పు అయితే అబ్బాయి డిగ్రీ చేతికి వచ్చేసరికి స్థలం చేయి దాటిపోవచ్చు. కంప్యూటర్ సైన్సు మంచి బ్రాంచే. కాని ఆ ఒక్క బ్రాంచి పేరు కోసం ఇల్లు తాకట్టు పెట్టడం ఎవరు సమర్థించినా ఈ వ్యాసకర్త సమర్థించడు. కన్వీనరు సీటులో ప్రైవేటు విశ్వవిద్యాలయం వచ్చి, రీయింబర్స్‌మెంటు పోను కట్టవలసినది మన శక్తిలో ఉంటే అది వేరు. అప్పుడు ఆ శాఖకు గుర్తింపు ఉందా, నిరుడు చదివిన పిల్లలు ఏమంటున్నారు అన్నది చూసుకుని చేర్పించవచ్చు.

ప్రభుత్వ కళాశాల అనగానే కళ్ళు మూసుకుని చేర్పించడమూ మంచిది కాదు. విశ్వవిద్యాలయ కళాశాలల్లోనూ కొన్నిచోట్ల సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు ఉంటాయి. వాటి ఫీజు వేరు. ఆప్షను పెట్టే ముందే అది రెగ్యులర్ కోర్సా, సెల్ఫ్ ఫైనాన్సా అని అడిగి తెలుసుకోవాలి. రీయింబర్స్‌మెంటు డబ్బు సకాలంలో రాకపోతే ఏం చేస్తారో కూడా అడగాలి. ప్రభుత్వం ఇవ్వవలసిన బకాయి ఆలస్యమైనప్పుడు విద్యార్థి చేత ముందు కట్టించుకునే కళాశాలలు ఉన్నాయి. కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వనివీ ఉన్నాయి. 'ఫ్రీ' అని చెప్పుకున్న సీటుకు ఫైనలియర్‌లో ఒక్కసారిగా డబ్బు తెమ్మంటే ఆ తండ్రి ఎక్కడికి పోతాడు? కనుక ఎంత అన్న ప్రశ్నతో పాటు ఏ నెలలో, ఎవరి చేతి నుంచి అన్న ప్రశ్న కూడా అడగాలి. ఐఐటిలోనూ సీటు కేటాయించిన కొద్ది రోజులకే వేలల్లో రుసుము ముందుగా కట్టాలి. మాఫీ తరువాత వస్తుంది, గడువు ముందు వస్తుంది. ఆ మొత్తాన్ని ఏప్రిల్, మే నెలల నుంచే పక్కన పెట్టుకోవడం మంచిది.

అప్పు సంగతి

వడ్డీ విషయంలో మన కుటుంబాలకు ఉన్న సంకోచం నిజమైనది. దానిని ఎగతాళి చేయనక్కర లేదు. ఎవరి మనస్సాక్షికి వారు, తెలిసిన ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవలసిన విషయం. ఇక్కడ చెప్పగలిగింది అప్పు ఎలా పనిచేస్తుందన్నదే.

2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఐఐటి వంటి కేంద్ర సంస్థలు అన్నీ దాని కిందికి వస్తాయి. హామీదారు అక్కర లేదు, ఆస్తి తాకట్టు అక్కర లేదు. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి వృత్తి విద్య చదివేవారికి, చదువు కాలానికీ ఆపై ఒక సంవత్సరానికీ పడే వడ్డీని ప్రభుత్వం భరించే ఏర్పాటు ఉంది. 2009 నుంచి ఉన్న వడ్డీ రాయితీ పథకమే దీనికి ఆధారం. 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి మూడు శాతం రాయితీ ఉంది. అంటే మన వెల్డింగు షాపు అబ్బాయి ఐఐటిలో చేరి రెండు లక్షల అరవై ఆరు వేల ట్యూషనును ఇలా అప్పుగా తీసుకుని, ఉద్యోగం వచ్చిన మొదటి సంవత్సరంలోనే తీర్చగలిగితే, కుటుంబం తన చేతి నుంచి వడ్డీ కట్టవలసిన అవసరం దాదాపు రాదు. బ్యాంకు మేనేజరు పథకం తెలియదని అంటే పోర్టల్‌లోనే దరఖాస్తు చేయవచ్చు.

అదే ఐదు లక్షలు డబ్బు కట్టే సీటుకు తెస్తే తప్పు అన్నాం. ఐఐటికి మూడు లక్షలో, హాస్టలుతో కలిపి మరికొంతో తెస్తే ఒప్పు అంటున్నాం. ఇందులో వైరుధ్యం లేదు. ఒకటి నూటికి రెండు రూపాయల అప్పు, ఇంటి స్థలం మీద, తండ్రి పేరు మీద. ఇంకొకటి తాకట్టు లేని అప్పు, చదివే వాడి పేరు మీద, చదువు అయ్యేదాకా వడ్డీ భారం పడనిది.

ఇక మన లోపలి సాయం. వడ్డీ లేని అప్పుకు మన దగ్గర ఖర్జె హసనా అనే పేరు శతాబ్దాలుగా ఉంది. పెళ్ళికి అడిగితే పదిమంది చేతులు కలుస్తాయి. కాలేజీ ఫీజుకు అడిగితే అందరూ పక్కకు చూస్తారు. వలీమాకు డేగ్చాలు పెంచుకుంటూ పోయే జమాతులో సీటు రుసుము కోసం ముప్పై వేలు రెండు నెలలకు సర్దే మనిషి దొరకకపోవడం బాధ కలిగించే విషయం. మస్జిద్ కమిటీలు జూన్ నెలలో ఇలాంటి చేబదులు కోసం కొంత సొమ్ము వేరుగా ఉంచితే, తిరిగి వచ్చిన డబ్బుతోనే మరుసటి ఏడాది ఇంకొకరికి సాయం చేయవచ్చు. జకాత్ కూడా నిరుపేద విద్యార్థికి చేరే మార్గం గురించి స్థానిక ఉలమాతో మాట్లాడాలి.

మైనారిటీ విద్యార్థులకు కేంద్రం 2007-08 నుంచి మెరిట్ కమ్ మీన్స్ స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఎంపిక చేసిన పెద్ద సంస్థల్లో పూర్తి ఫీజు, ఇతర చోట్ల ఏడాదికి 20 వేల దాకా వచ్చేది. ఎందరో ముస్లిం పిల్లలు దానితో ఇంజనీర్లయ్యారు. ఆ పథకానికి మంజూరు 2021-22 వరకే ఉండింది. బంధువుల పిల్లలకు అప్పట్లో వచ్చింది కదా అని ఈ ఏడాది లెక్కలో దానిని వేసుకోవద్దు.

అమ్మాయి అయితే?

ఇదే ర్యాంకు అమ్మాయికి వస్తే ఇంట్లో చర్చ మొత్తం మారిపోతుంది. ఫీజు కంటే ముందు హాస్టలు మాట వస్తుంది, పెళ్ళి మాట వస్తుంది. కాని డబ్బు లెక్కలో అమ్మాయికే అనుకూలత ఎక్కువ. 2018 నుంచి ఐఐటిలలో అమ్మాయిల కోసం అదనపు సీట్లు ఏర్పాటు చేశారు. అబ్బాయికి రాని ర్యాంకులో అమ్మాయికి సీటు రావచ్చు. ఏర్పేడు ఐఐటిలో వస్తే హాస్టలులో ఉన్నా అమ్మీ ఆదివారం వెళ్ళి చూసి రావచ్చు. హాస్టలు వద్దు అనే ఇళ్ళకు తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీతో పాటు 1983లో ఏర్పడిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడా ఇంజనీరింగ్ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేదు. రాకపోకల ఖర్చు అనే సాకు కూడా పోయింది. అయితే రోజూ ఇంటి నుంచి వెళ్ళి వచ్చే అమ్మాయికి పొద్దున వంట, రాత్రి గిన్నెలు అప్పగించి, మార్కులు తగ్గాయని తిట్టడం మాత్రం కూడదు.

ఐఐటి రాకపోయినా, డబ్బు కుదరక వదులుకోవలసి వచ్చినా దారి మూసుకుపోలేదు. ఎస్వీ యూనివర్సిటీలో బి.టెక్ చదివి గేట్ పరీక్ష రాస్తే అదే ఏర్పేడు ఐఐటిలో ఎం.టెక్‌లో చేరవచ్చు. గేట్ ద్వారా ఎంపికై సహాయ వేతనం పొందేవారికి నెలకు 12,400 రూపాయలు ఇస్తారు. బి.టెక్‌లో ఇంటి నుంచి డబ్బు అటు వెళితే, ఎం.టెక్‌లో అటు నుంచి విద్యార్థికే వస్తుంది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివిన వారికి ప్రభుత్వ రంగ సంస్థలు కూడా గేట్ మార్కులు చూసి ఉద్యోగాలిస్తాయి. కంప్యూటర్ సైన్సు రాలేదని ఏడ్చే పిల్లలకు ఈ సంగతి మొదటి సంవత్సరంలోనే చెప్పాలి. ఫైనలియర్‌లో చెబితే ఆలస్యం.

కాగితాలు

ఎక్కువమంది పిల్లలు నష్టపోయేది ర్యాంకు దగ్గర కాదు, కాగితాల దగ్గర. బీసీ-ఇ అనేది రాష్ట్ర జాబితా. ఐఐటి ప్రవేశాలకు చెల్లేది కేంద్ర ఓబీసీ జాబితా. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి వర్గం కేంద్రంలో ఓబీసీ కాదు. దరఖాస్తులో ఓబీసీ అని గుర్తు పెట్టి, తీరా సర్టిఫికెట్లు చూసే రోజున కేంద్ర నమూనా పత్రం చూపలేకపోతే ఆ కేటగిరీ పోతుంది. దానితో పాటు సీటు కూడా పోవచ్చు. కాబట్టి తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే నిరాశ పడనక్కర లేదు. 2019 నుంచి ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం ఉంది. కేంద్ర జాబితాల్లో లేనివారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, ఐదెకరాల పొలం వంటి ఆస్తి పరిమితులు దాటనివారు దానికి అర్హులు. సయ్యద్, పఠాన్ కుటుంబాలకు కూడా ఇది వర్తిస్తుంది. ఈ పత్రం ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత తీసుకున్నదై ఉండాలి. నిరుటి పత్రం చెల్లదు.

ఆదాయ పత్రం విషయంలో కొందరు 'లక్ష లోపు రాయించుకుంటే మొత్తం మాఫీ కదా' అని సలహా ఇస్తారు. షాపు, కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా అన్నీ కనబడుతున్న కాలంలో అది పట్టుబడితే మాఫీతో పాటు సీటు పరువు కూడా పోతుంది. హరామా హలాలా అన్న ప్రశ్న వేరే ఉండనే ఉంది.

చివరిగా పేరు సంగతి. ఇది మనవాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. పదో తరగతి మెమోలో 'షేక్' అని పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో 'ఎస్.కె.' అని ఉంటుంది. రేషన్ కార్డులో ఇంటిపేరే ఉండదు. తండ్రి పేరు ఒకచోట 'బాషా', ఒకచోట 'బాష', ఇంకొకచోట 'బాషు'. మహమ్మద్ అనే పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కే లేదు. రీయింబర్స్‌మెంటు దరఖాస్తులో, బ్యాంకు అప్పులో, ఐఐటి మాఫీలో ఈ పేర్లు ఒకదానితో ఒకటి కలవాలి. కలవకపోతే కంప్యూటరు తిప్పి పంపుతుంది. గుమాస్తా రేపు రమ్మంటాడు. ఫీజు గడువు ఆగదు. సవరణకు మెమోనే ఆధారం. దాని ప్రకారం మిగతావి మార్చుకోవాలి. సచివాలయంలో దరఖాస్తు, తహసీల్దారు కార్యాలయంలో విచారణ, ఆధార్ కేంద్రంలో వరుస, ఇవన్నీ కలిపి వారాలు పడుతుంది. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు మార్చిలో ముగుస్తాయి. ర్యాంకులు వచ్చేది జూన్‌లో. మధ్యలో ఉన్న ఏప్రిల్, మే నెలలు ఈ పనికి సరిపోతాయి.